తాతగారి పథ్యం నేను చేశాను

చిన్నీ, బంటీ,

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో చిన్నిని "మధ్యాహ్నం ఏం తిన్నావే?" అని అడిగితే "సలాడ్ నాన్నమ్మా" అంది. అదేమిటో చూపించమంటే గిన్నె కెమెరా ముందు పెట్టింది. కీరదోసకాయ ముక్కలు, నాలుగు టమాటా చక్రాలు, పైన ఏదో ఆకు. "గుడ్డు, మాంసం అన్నీ మానేశాను. నేనూ ఇప్పుడు నీ జట్టే" అని నవ్వింది.

నా జట్టులోకి ఇంకో మనిషి వచ్చిందని సంతోషపడ్డాను. ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది, గిన్నె పక్కకి జరిపినప్పుడు దాని మెడ ఎముకలు కనిపించాయని. ఆ ఎముకలు నాకు బాగా తెలుసు. పోయిన ఏడాది రోజూ అద్దంలో చూసుకున్నవే.

పుణె దాకా నా చెయ్యి అందదు. అందితే ముద్ద కలిపి పెట్టేదాన్ని. విశాఖపట్నం హాస్టల్లో బంటీగాడు ఎలాగూ మూడు కంచాలు లాగిస్తాడు, వాడి గురించి బెంగ లేదు. అయినా ఇద్దరూ చదవండి. నాకు జబ్బు చేసిందని మీకు తెలుసు, కానీ పరీక్షల రోజుల్లో మీకు సగమే చెప్పాం. ఇప్పుడు మొత్తం చెబుతాను. భయపడకండి. ఇందాకే రెండు పెసరట్లు తిని, చెయ్యి కడుక్కుని, ఇది రాయడానికి కూర్చున్నాను.

జనవరిలో మొదలైంది, నాతో కాదు, మీ తాతతో. మెట్లెక్కుతుంటే గుండెల్లో నొప్పి వచ్చింది. ఆస్పత్రిలో నాలుగు రోజులుంచి పంపించారు. వచ్చేటప్పుడు గుండె డాక్టరుగారు ఒక కాగితం ఇచ్చారు. నూనె తగ్గించాలి. నెయ్యి, కొబ్బరి వద్దు. వేరుశెనగ, జీడిపప్పు బాగా తగ్గించాలి. అన్నం ఒక కప్పు, రాత్రి రెండు పుల్కాలు.

మీ తాత సంగతి మీకు తెలుసు కదా. ఉర్లాలో ఉక్కు ఫ్యాక్టరీ స్టోర్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. అక్కడ కాగితం లేనిదే ఒక బోల్టు కూడా బయటికి కదలదు. కాగితం ఉంటే ఇంక వాదన లేదు. ఆ అలవాటు రిటైరయ్యాక ఇంటికొచ్చింది. ఆ డాక్టరు కాగితానికి ప్లాస్టిక్ కవరు వేసి, వంటింట్లో క్యాలెండర్ పక్కన మేకు కొట్టి తగిలించారు.

"ఇదిగో సుభద్రా, ఇంక ఇదే మన ఆర్డరు" అన్నారు.

నేనూ ముప్ఫై ఏళ్ళు స్టోర్ కీపర్ పెళ్ళాన్నే కదా, ఆర్డరంటే ఆర్డరే అనుకున్నాను. పైగా మా అత్తగారు పార్వతీపురం నుంచి నన్ను రాయ్‌పూర్ పక్కన ఈ బీర్‌గావ్‌కి కాపురానికి తెచ్చినప్పుడు చెప్పిన మాట ఒకటుంది. ఒక ఇంటికి ఒక పొయ్యి, ఒక కుండ. ఎవరికి వాళ్ళకి వేరే వండితే ఇల్లు రెండవుతుందని. కాబట్టి మీ తాతకి ఏది వండానో ఇంట్లో అందరికీ అదే వండాను. నూనె తగ్గించమంటే నేను పూర్తిగా తీసేశాను. నెయ్యి గిన్నె కడిగి బోర్లించాను. వేరుశెనగ పచ్చడి, నువ్వుల పొడి, కొబ్బరి కోరు, అన్నీ బంద్. పప్పులో నీళ్ళు పెంచాను. కాగితంలో అది లేకపోయినా, పలచగా ఉంటే గుండెకి తేలిక అని నాకు నేనే అనుకున్నాను.

దానికి తోడు నా ఉపవాసాలు. సోమవారం, శనివారం, ఏకాదశి. మీ తాత ఆస్పత్రిలో ఉన్నప్పుడు మొక్కుకుని గురువారం కూడా కలిపాను. మిగతా రోజుల్లో అందరూ తిన్నాక ఆఖర్న తింటాను కదా. అప్పటికి గిన్నెలో మిగిలిందేదో అదే నా భోజనం. చివర మజ్జిగన్నం, ఊరగాయ ముక్క. కడుపు నిండినట్టే ఉండేది. నీళ్ళతో కూడా కడుపు నిండుతుందని నాకప్పుడు తెలియదు.

మే నెలకి నేను బాగా సన్నబడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, మొదట్లో చాలా సంతోషపడ్డాను. వీధిలో ఆడవాళ్ళంతా "ఆంటీజీ, ఆప్ తో ఏక్‌దమ్ స్లిమ్ హో గయీఁ!" అనేవారు. ఒకావిడ చిట్కా ఏమిటని కూడా అడిగింది. నేను గొప్పగా మీ తాత కాగితం చూపించాను.

జాకెట్లు మూడుసార్లు కుట్టు బిగించాను. గాజులు మోచేతి దాకా ఎక్కేవి. తర్వాత నాలుక మండడం మొదలైంది. ఉప్పు తగిలినా, వేడి తగిలినా మంటే. దువ్వితే జుట్టు దువ్వెన నిండా వచ్చేది. మేడ మీద బట్టలారేసి వచ్చి మెట్ల మీదే కూర్చునేదాన్ని. ఎండలనుకున్నాను. రాయ్‌పూర్‌లో మే నెల ఎండలకి ఎవరు నీరసించరు కనుక?

జూన్‌లో చెప్పు పోయింది.

మన వీధి మలుపులో ఆకుకూరలమ్మే రాంబాయి తెలుసు కదా, చిన్నప్పుడు మీకు రేగుపళ్ళు కొంగులో పోసేది. ఒక రోజు పొద్దున్న ఆవిడ దగ్గర తోటకూర కొనుక్కుని ఇంటికొస్తున్నాను. వెనకనుంచి ఒకటే అరుపు.

"ఏ దాయీ! తోర్ ఏక్ ఠన్ పన్‌హీ ఇహాఁ పరే హే!"

ఆవిడ ఛత్తీస్‌గఢీలో నన్ను "దాయీ" అనే పిలుస్తుంది, అమ్మా అన్నట్టు. నీ చెప్పు ఒకటి ఇక్కడే పడుందీ అని అరుస్తోంది. కిందకి చూసుకుంటే నా కుడికాలికి చెప్పు లేదు. కాలుతున్న రోడ్డు మీద యాభై అడుగులు ఒంటికాలి చెప్పుతో నడిచాను. కాలుతున్నట్టే తెలియలేదు.

రాంబాయి చెప్పు తీసుకుని పరుగెత్తుకొచ్చింది. వంగి నా పాదాన్ని చేత్తో నొక్కి, "పతా చలతే?" అంది. తెలుస్తోందా అని. నాకు మొహమాటం వేసి తెలుస్తోందన్నాను. ఆవిడ నా మొహం వైపు చూసి, తన బుట్ట పక్కామెకి అప్పగించి, నన్ను చెయ్యిపట్టుకుని ఇంటిదాకా తీసుకొచ్చింది. మీ అమ్మతో నేను చెప్పకూడదనుకున్నవన్నీ చెప్పేసింది.

ఆ తర్వాత నెల రోజులు ఆస్పత్రే. శంకర్ నగర్ వైపు ఒకచోట మొదట రక్తం తీశారు, తర్వాత ఇంకో చోటికి పంపారు. రక్తం బాగా తక్కువగా ఉందన్నారు. బరువు ముప్ఫై ఎనిమిది కిలోలు. ఇంతలా ఎందుకు తగ్గారో చూడాలి, గొట్టం వేసి కడుపు లోపల చూడాలి అన్నారు.

ఎవరూ ఆ మాట పైకి అనలేదు. కానీ అందరి మొహాల్లోనూ అదే ఉంది. మా అక్క కడుపులో గడ్డతోనే పోయింది, మీరు పుట్టకముందు. ఆవిడా ఇలాగే ముందు గాజులు జారాయని నవ్వుతూ చెప్పింది.

గొట్టం పరీక్ష రోజు సోమవారం. వెయిటింగ్ హాల్లో టోకెన్ నంబర్లు ఎర్రగా వెలుగుతుంటాయి. మాది నలభై ఒకటి, అక్కడేమో పన్నెండు దగ్గర ఆగిపోయింది. మీ తాత ఆ బోర్డుకేసి చూస్తూ "మా స్టోర్‌లో ఇలా ఆగితే లైన్‌లో మనుషులు గోల పెట్టేసేవోళ్ళు" అని గొణుగుతున్నారు. మీ నాన్న ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చి, గోడకానుకుని ఫోను చూస్తున్నట్టు నటిస్తున్నాడు. రాంబాయి కూడా వచ్చింది. రావద్దన్నా వచ్చింది, కొంగున ముర్రా మూటకట్టుకుని. ముర్రా అంటే మన మరమరాలే.

పరీక్ష అయ్యాక, గొంతు తిమ్మిరి తగ్గి తినొచ్చని నర్సు చెప్పాక, రాంబాయి మూట విప్పింది. మరమరాల్లో వేయించిన శెనగలు కలిపి తెచ్చింది.

"ఈరోజు సోమవారం, ఉపవాసం" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి అలా చూసి, "బీమార్ కే కా ఉపాస్, దాయీ?" అంది. జబ్బు మనిషికి ఉపవాసమేమిటి అని. నా అరచేతిలో గుప్పెడు పోసి వేళ్ళు మూసింది. తినలేదు నేను. కానీ ఆ గుప్పెడు ఇంటిదాకా అలాగే పట్టుకునే వచ్చాను.

ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితానికి కొన్ని రోజులు పడుతుందన్నారు. ఆ రోజుల్లోనే ఇంట్లో అరుపులు జరిగాయి. మీకు ఫోన్లో "నాన్నమ్మ పడుకుంది" అని చెప్పిన సాయంత్రాలవి.

మీ నాన్న ఉడకబెట్టిన గుడ్డు ఒలిచి పళ్ళెంలో పెట్టి నా ముందుంచాడు. "అమ్మా, కళ్ళు మూసుకుని మింగేయ్. మందనుకో."

"అరవయ్యారేళ్ళు తిననిది ఇప్పుడేటిరా?" అన్నారు మీ తాత.

"ఆవిడ ప్రాణం ముఖ్యమా, మీ పట్టింపు ముఖ్యమా?"

"నా పట్టింపేటి? ఆవిడినే అడుగు!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. నాకు ఆ గుడ్డు మీద కోపం లేదు. తినేవాళ్ళు తింటారు, మీరూ తిన్నారు. నాకది లోపలికి పోదు, అంతే. "నాన్నా, నేను బతికితే నా తిండితోనే బతకాలని ఉందిరా" అన్నాను. వాడు పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయి, చాలాసేపు బయటికి రాలేదు. మీ అమ్మ వెళ్ళి చూసి వచ్చి, "ఆ గుడ్డు ఆయనే తినేసి ఏడుస్తున్నారు అత్తయ్యా" అంది. దానికి నవ్వాలో ఏడవాలో మా ఇద్దరికీ తెలియలేదు. చివరికి నవ్వేశాం.

ఫలితాల రోజు డాక్టరుగారు కాగితాలన్నీ తిరగేసి, కళ్ళజోడు తీసి, "పేట్ సాఫ్ హై, మాతాజీ" అన్నారు. గడ్డ లేదు, ఏమీ లేదు. కడుపు శుభ్రంగా ఉంది. కొంచెం ఆగి, "కుఛ్ జ్యాదా హీ సాఫ్ హై" అన్నారు. మరీ శుభ్రంగా ఉంది!

రక్తం తక్కువ, బి12 అడుగంటింది, కండ కరిగిపోయింది. కాళ్ళ తిమ్మిరి ఆ బి12 వల్లే. ఇంజెక్షన్లు రాసిచ్చి, ఇది తిండి సంగతి, డైటీషియన్‌ని కలవండి అన్నారు. సులువుగా తెలుగులో చెప్పాలంటే, బియ్యం డబ్బా నిండుగా ఉన్న ఇంట్లో నేను ఆకలికి మాడిపోయాను. గడ్డ లేదని నా ప్రాణం లేచి వచ్చింది కానీ, ఆ మాటకి మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను.

డైటీషియన్ అమ్మాయి చాలా చిన్నది. చిన్ని కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. దుర్గ్ నుంచి రోజూ రైల్లో వస్తుందట. నిన్న పొద్దున్న లేచిన దగ్గరనుంచి ఏం తిన్నారో చెప్పండి అంది హిందీలో. చెప్పాను. పొద్దున్న చక్కెర లేని టీ. ఒక ఇడ్లీ. మధ్యాహ్నం కప్పు అన్నం, పప్పుచారు, సొరకాయ, మజ్జిగ. వెంటనే టీ. రాత్రి పుల్కా, సొరకాయ.

రాస్తూ రాస్తూ ఆ పిల్ల పెన్ను ఆపింది. "ఈ డైట్ ఎవరిచ్చారు ఆంటీ?"

"డాక్టరుగారే. గుండె డాక్టరు."

"గుండె జబ్బు మీకా?"

"కాదు, ఈయనకి."

"మరి ఈ తిండి తింటున్నది?"

"అందరం. ఇంట్లో కాగితం ఒకటే కదమ్మా."

ఆ అమ్మాయి మీ తాతని ఎగాదిగా చూసింది. నున్నగా, బుగ్గలు మెరుస్తూ కూర్చున్నారు. "అంకుల్, మీరూ ఇదే తింటున్నారా?"

మీ తాత దగ్గారు. పైన ఫ్యాన్‌కేసి చూశారు. స్టోర్‌లో ఆడిట్ వచ్చినప్పుడు కూడా ఆయన మొహం అలా అయి ఉండదు.

"అంటే... మంగళవారం మంగళవారం ఉర్లా చౌక్‌లో పాత స్టాఫోళ్ళం కలుస్తాం. ఊరికే కబుర్లకి."

"కబుర్లతో పాటు?"

"రెండు సమోసాలు. ఒక వంద గ్రాముల జిలేబీ."

"ఏవండీ!" అన్నాను.

ఇంతలో మీ నాన్న, అడక్కుండానే, "నేను మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆలూ పరాఠా తింటున్నానమ్మా. ఆ చప్పిడి టిఫిను..." అని ఆగిపోయాడు. మీ అమ్మ నేలచూపులు చూస్తూ, "స్కూల్లో టీచర్లందరం డబ్బాలు పంచుకుంటాం అత్తయ్యా" అంది.

అర్థమైందా? ఇంట్లో నాలుగు నోళ్ళున్నా, ఆ కుండని నమ్ముకున్న నోరు నాది ఒక్కటే. పథ్యం మీ తాతది, చేసింది నేను. పైగా ఆయన కాగితాన్ని ఆయనకంటే గట్టిగా పాటించాను. ముందు నవ్వొచ్చింది. ఆ అమ్మాయి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. ఇంటికొచ్చాక కోపమొచ్చింది. రెండు రోజులు మీ తాతతో మాట్లాడలేదు. ఆయన మాత్రం అటూ ఇటూ తిరుగుతూ "ఆ జిలేబీ కూడా ఏమంత బాగుండదులే" అని గోడలకి చెప్పుకున్నారు. (అంకుల్‌ని ఆ అమ్మాయి వదిలిందనుకోకండి. మంగళవారం సమోసాలు, జిలేబీ కట్.)

ఆ రోజు ఆ అమ్మాయి చెప్పిన షరతు మాత్రం నవ్వులాటది కాదు. "దసరా లోపు నలభై రెండు కిలోలు రావాలి. రాకపోతే చేర్చుకుని గొట్టంతో ఆహారం పంపించాల్సి వస్తుంది. గుడ్డు తింటారా లేదా అన్నది మీ ఇష్టం. మీ వంటింట్లో ఉన్నవాటితోనే నేను రాసిస్తాను. కానీ ఆంటీ, వండినట్టు చెబితే కుదరదు. తినాలి."

జూలైలో గోడకి రెండో మేకు పడింది. దానికి నా కాగితం. చూడగానే పండగ భోజనంలా అనిపించింది నాకు. పప్పు ముద్దగా, రెండు పూటలా. పొద్దున్న పెసరట్టు, వేరుశెనగ పచ్చడి. పెరుగు, పనీరు. నా అన్నంలో నెయ్యి. మధ్యలో రెండుసార్లు నువ్వుల ఉండో, వేరుశెనగ ఉండో. ఆకుకూర మీద నిమ్మకాయ పిండాలి, భోజనం అవగానే టీ తాగకూడదు, రెంటికీ రక్తంతో సంబంధం ఉందట. ఒక్క బి12 మాత్రం ఏ ఆకులోనూ పప్పులోనూ దొరకదు, పాలల్లో కొంచెం ఉంటుంది, కాబట్టి ముందు ఇంజెక్షన్లు, తర్వాత మాత్ర. చిన్నీ, ఇది చదివి దాటేయకు. నువ్వు పాలు కూడా మానేసేటట్టయితే ముందు డాక్టరుతో మాట్లాడు.

బరువు చూసుకోవడానికి రోజూ ఆస్పత్రికి పోలేం కదా. మన వీధిలో పిండి మర ఉంది చూడు, ఆ చక్కీ అతని దగ్గర గోధుమ బస్తాలు తూచే పెద్ద కాటా ఉంది. ఆదివారం ఆదివారం మీ తాత నన్ను అక్కడికి తీసుకెళ్ళేవారు. మొదటిసారి నేనెక్కగానే చక్కీ అతను తల గోక్కుని, "ఆంటీజీ, నలభై కిలోల బోరీ కూడా మీకంటే బరువుంది" అన్నాడు, పక్కనున్న బస్తా చూపిస్తూ. పిండి కోసం నిలబడ్డ ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వాళ్ళంతా నా బరువు కోసం ఆగేవారు. "బోరీని దాటిందా?" అని ఒకటే పందాలు.

ఆగస్టు చివరికి బోరీని దాటలేదు. ముప్ఫై ఎనిమిదిన్నర. నెలన్నరకి అర కిలో!

మీ తాత కాగితం పట్టుకుని ఒక్కో లైనూ చదివారు. "పప్పు?" "వండాను." "నెయ్యి?" "వేశాను." "ఉండలు?" "చేశాను." ఆయనకి అంతు చిక్కలేదు. అన్నీ ఇష్యూ అయ్యాయి, మరి సరుకెక్కడికి పోయింది?

పట్టుకున్నది మీ అమ్మ. ఆ రోజు స్కూలుకి సెలవు. అందరికీ వడ్డించి, నేను నిలబడే ఉన్నాను. ముద్దపప్పు మీ నాన్నకి రెండోసారి వేశాను. నెయ్యి చెంచా చెయ్యి తిరిగి మీ నాన్న కంచంలోకే పోయింది. వాడు ఎండనపడి వచ్చాడు కదా అని. పనీరు ముక్కలు మీ అమ్మకి. ఆఖర్న నేను కూర్చునేసరికి గిన్నె అడుగున గరిటెడు పప్పు, పైన మజ్జిగ. అలవాటుగా అదే చాలనిపించింది. అబద్ధం చెప్పాలని కాదురా. ఈ చెయ్యి నలభై ఏళ్ళుగా అలా తిరిగే చెయ్యి.

మీ అమ్మ తిన్న కంచం ముందునుంచి లేవలేదు. చెయ్యి ఎండిపోతోంది.

"లేవమ్మా, చెయ్యి కడుక్కో" అన్నాను.

"లేవను."

"ఏటే?"

"మీ కాగితం మా అందరి పొట్టల్లో ఉంది అత్తయ్యా. బస్, ఇంక చాలు. రేపట్నుంచి మొదటి కంచం మీది. మీరు తిన్నాకే మాకు. అందాకా మేమెవరం కూర్చోం."

"అదేం పద్ధతి? కొడుకు కంటే ముందు తల్లి తింటుందా?"

"మీ అబ్బాయి నిండా డెబ్బై తొమ్మిది కిలోలున్నారు" అంది మీ అమ్మ. "ఆయన ఆగగలరు."

మర్నాడు నిజంగానే అలా చేశారు. నన్ను కూర్చోబెట్టి, నా కంచంలో వడ్డించి, ముగ్గురూ చుట్టూ నిలబడ్డారు. పెళ్ళికూతురిలా ఉంది నా పరిస్థితి. మొదటి ముద్ద కలిపి చేతిలోనే పట్టుకున్నాను. ఎవరో ఆకలితో ఉండగా తింటున్నట్టనిపించింది. మీ నాన్న, "అమ్మా, తొందరగా తిను, నాకు ఆకలేస్తోంది" అన్నాడు. అదే మంత్రమైంది. కొడుకు ఆకలి తీరాలంటే నేను తినాలి! గబగబా తినేశాను. అన్నంలో ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. ఎన్ని నెలలైందో ఆ రుచి తెలిసి. నాలుక మండలేదు. అప్పుడు తెలిసింది, ఇంజెక్షన్లు పని చేస్తున్నాయని.

సెప్టెంబరు నాకు భలే గడిచింది. ఉండలు చేసే పని మీ తాత తీసుకున్నారు. మొదటి దఫా బెల్లం పాకం ముదిరిపోయింది. ఒక ఉండ తీసి కొరికితే పన్ను కదిలింది. అప్పడాల కర్రతో కొట్టినా పగల్లేదు.

"ఇవి నాకెందుకండీ, ఉర్లా పంపించండి. ఫ్యాక్టరీలో ఏ మిషన్లోనన్నా బిగించుకుంటారు" అన్నాను.

"రిజెక్టు మెటీరియల్" అని ఒప్పుకున్నారు. రెండో దఫాకి చెయ్యి కుదిరింది. రోజూ పదకొండింటికీ నాలుగింటికీ గిన్నెలో ఒక ఉండ పెట్టుకుని వచ్చి నా ఎదురుగా నిలబడేవారు. నేను నమిలి మింగేదాకా కదిలేవారు కాదు. స్టోర్‌లో సరుకు తీసుకున్నవాళ్ళచేత సంతకం పెట్టించుకున్నట్టు, నోరు తెరిచి చూపించమనేవారు!

రాంబాయి ఒక రోజు ఒక చేత్తో మునగాకు కట్టలు, ఇంకో చేత్తో స్టీలు గిన్నె పట్టుకొచ్చింది. గిన్నెలో బాసీ. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్న ఉల్లిపాయతో తింటారు ఇక్కడివాళ్ళు. "మేం పొలం పనులోళ్ళం ఇదే తిని పని చేస్తాం, దాయీ" అని చెప్పి, ఏదో కొత్త వంటకం నేర్పుతున్నట్టు నా ముందు పెట్టింది. నాకు నవ్వాగలేదు. మా పార్వతీపురంలో మా అమ్మ పొద్దున్నే పెట్టే చద్దన్నమే అది. నేను అందులో గడ్డ పెరుగు కలిపి, వేయించిన పల్లీలు పోసి, ఆవిడకీ ఒక గిన్నె పెట్టాను. ఇద్దరం గుమ్మంలో కూర్చుని తిన్నాం. ఆ రోజు సోమవారం. గుప్పెడు ముర్రా అప్పు అలా తీర్చుకున్నాను. ఉపవాసాల సంగతి దేవుడితో నేనే మాట్లాడుకున్నాను. ఒక్క ఏకాదశి ఉంచుకున్నాను, అదీ పాలు, అరటిపండు, పల్లీలు వేసిన సగ్గుబియ్యంతో. దేవుడేం అనలేదు.

దసరాకి నాలుగు రోజుల ముందు ఆస్పత్రికి వెళ్ళాం. ఆ ముందు ఆదివారమే చక్కీ కాటా మీద బోరీని దాటాను, అక్కడ చప్పట్లు కొట్టారు కూడా. కానీ ఆస్పత్రి మిషనే కదా లెక్క. పట్టుచీర కట్టుకోమని మీ తాత సలహా ఇచ్చారు, బరువుంటుందని. నేను నూలుచీరే కట్టుకున్నాను. చెప్పులు విడిచి ఎక్కాను. చల్లగా తగిలింది పాదాలకి ఆ ఇనుప పలక! చల్లగా! అంకె చూసుకోవడం మానేసి నేను కాళ్ళకేసే చూస్తున్నాను.

"ఆంటీ," అంది ఆ అమ్మాయి, "నలభై రెండు పాయింట్ నాలుగు."

మీ నాన్న మీ తాత భుజం మీద ఒక్కటి చరిచాడు. మీ తాత గుండె మీద చెయ్యి పెట్టుకుని "మెల్లిగారా, గుండె పేషెంటుని" అన్నారు. డైటీషియన్ అమ్మాయి నా కాగితం కింద గీత గీసి, చేర్చుకునే పని లేదని రాసింది. ఆ పిల్లకి నేను ఇంటినుంచి తెచ్చిన రెండు ఉండలు ఇచ్చాను. నువ్వు కూడా బాగా సన్నంగా ఉన్నావమ్మా, తిను, అన్నాను. అక్కడే నిలబడి తినిపించాను.

ఎడమకాలి బొటనవేలు ఇంకా కొంచెం మొద్దుగానే ఉంది. మిగతా అంతా బాగుంది. ఇంట్లో ఇప్పుడు కూర రెండు గిన్నెల్లో దిగుతుంది, ఒకటి మీ తాత కాగితానికి, ఒకటి నాకు. ఇల్లు రెండవలేదు. మొదటి కంచం ఇప్పటికీ నాదే.

చిన్నీ, నిన్న సాయంత్రం మీ తాత వంటింట్లో సుత్తితో ఠంగుఠంగుమంటుంటే ఏమిటా అని వెళ్ళి చూశాను. నీ సలాడ్ గిన్నె ఆయన కూడా చూశారట. నా కాగితం పక్కన మూడో మేకు కొట్టారు. ఇంకా దాని మీద ఏమీ లేదు. రేపు పొద్దున్న లేచినప్పటినుంచి పడుకునేదాకా ఏమేం తిన్నావో రాసి పంపించు. సిగ్గుపడకుండా, ఉన్నదున్నట్టు. నాది మీ తాత కాగితంలో కలిసిపోయినట్టు, నీది ఎవరిదాంట్లోనూ కలిసిపోకూడదు.

మేకు ఖాళీగా ఉంది తల్లీ.

మీ నాన్నమ్మ